రోవీనా నడిపిన ఎర్ర బోటు

బోటు వచ్చేనాటికి హాలిస్ టాకెట్ కుడిచెయ్యి చచ్చుబడి తొమ్మిది వారాలైంది. కుడికాలు ఈడ్చుకుంటూ, ఎడమచేత్తో కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాడు. మాట పోయింది. పోయిందంటే గొంతు రాక కాదు. గొంతు బాగానే ఉంది, కోపమూ బాగానే ఉంది, చెప్పాలనుకున్నది ఒకటైతే నోట్లోంచి వచ్చేది ఇంకొకటి. ఉప్పు కావాల్సివస్తే "నిచ్చెన" అనేవాడు. అది తప్పని అతనికే తెలిసి బల్లమీద గుద్దేవాడు. ఫోర్ట్ పేన్ సాక్సుల మిల్లులో నలభై ఏళ్లు అల్లిక యంత్రాలు బాగుచేసిన మనిషి కావడంవల్లనేమో, నోటికి ఎక్కువగా వచ్చే మాట "సూది". ఔనన్నా సూదే, కాదన్నా సూదే. బూతులు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలాయి. ఒక ఆదివారం చర్చిలో అందరూ తలలు వంచి ప్రార్థిస్తుండగా అలాంటి మాట ఒకటి ఖంగుమని వినబడితే, పాస్టరు కళ్లు తెరవకుండానే "ఆమెన్" అన్నాడు.

ఆ బోటుకు ఆర్డరిచ్చింది అంతకుముందు అక్టోబరులో. అప్పటికి హాలిస్ రిటైరవడానికి మూడు నెలలుంది. ముప్ఫై ఏళ్లుగా అతనికున్నది పదహారడుగుల అల్యూమినియం పడవ. చదునైన అడుగు, నలభై గుర్రాల బలమున్న మోటారు, ఎక్కడ ఆపితే అక్కడ బుద్ధిగా కూర్చునేది. కొత్తది దాదాపు ఇరవై ఒక్క అడుగులు. చెర్రీపండు ఎరుపులో మెరుపుపొడి కలిపి పోత పోసినట్టు ఉంటుంది, ఎండలో చూస్తే కళ్లు చికిలించుకోవాలి. వెనక రెండువందల యాభై గుర్రాల మోటారు. బాస్ చేపల కోసమే పుట్టిన బోటు. ఆ చేప ఒక వాగులో దొరక్కపోతే ఇరవై మైళ్ల అవతల ఇంకో వాగుకు పావుగంటలో చేర్చాలి. అదీ దాని పని.

జనవరిలో హాలిస్‌కి పక్షవాతం వచ్చింది. మార్చిలో బోటు అమ్మేవాళ్లు ఫోన్ చేశారు.

"మీ సంగతి విన్నామండీ. వద్దనుకుంటే చెప్పండి, ఇంకొకరికి ఇచ్చేస్తాం. మీరేం మొహమాటపడక్కర్లేదు."

రోవీనా ఫోన్‌ను అరచేత్తో మూసి మొగుడి వైపు చూసింది. హాలిస్ కర్ర పొడుచుకుంటూ ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, దానిమీద అంటించిన బోటు బొమ్మను పీకి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చి తెచ్చుకుంటాం," అంది రోవీనా.

హాలిస్‌తో పాతికేళ్లుగా చేపలకు వెళ్లే స్నేహితుడు డాయిల్ క్రెన్షా. ఆ సంగతి వినగానే ఇంటికొచ్చాడు.

"నడిపేదెవరు రోవీనా?"

"నేనే."

"నువ్వా?"

"ఏం? నీ పిల్లలిద్దర్నీ పన్నెండేళ్లు తీసుకెళ్లి తీసుకొచ్చాను. అప్పుడు రాలేదే ఈ అనుమానం?"

"అది బస్సు."

"దీనికీ స్టీరింగుంది డాయిల్. కాఫీ తాగుతావా, ఇంకేమైనా అడుగుతావా?"

ఆమె మాటలో డాంబికం లేదు. రోవీనా ఇరవై ఏడేళ్లు స్కూలు బస్సు నడిపింది. పొద్దున్నే పిల్లల్ని దింపి, స్కూలు వంటగదిలో నాలుగువందల మందికి భోజనం వండి, సాయంత్రం మళ్లీ స్టీరింగు పట్టేది. శాండ్ మౌంటెన్ ఘాటురోడ్డు మీద మంచు గడ్డకట్టిన పొద్దుల్లో కూడా ఆ బండికి ఒక్క గీత పడనివ్వలేదు. జాక్సన్ కౌంటీలో సగంమంది ఆమె వెనక కూర్చుని అరిచి, తిట్లు తిని పెద్దవాళ్లయినవాళ్లే.

ఏప్రిల్ మొదటి శనివారం బోటును నదికి తీసుకెళ్లారు. టెన్నెసీ నది అక్కడ ఆనకట్ట వెనక మైలున్నర వెడల్పున నిలిచిపోయింది. పటాల్లో సరస్సని రాసినా ఊళ్లోవాళ్లకు అది నదే. రేవు దగ్గర పదిహేను బళ్లు వరసలో ఉన్నాయి. ఆడమనిషి ట్రక్కు నడుపుతూ, దాని వెనక బోటు మోస్తున్న ట్రైలర్‌ను వెనక్కి పెడుతోందని చూసి, కొందరు కూల్‌డ్రింకు డబ్బాలు పట్టుకుని తమాషా చూడ్డానికి నిలబడ్డారు. రోవీనా రెండు అద్దాల్లోకీ ఒకసారి చూసి, తాడు లాగినట్టు తిన్నగా, ఒక్క ఊపులో ట్రైలర్‌ను నీళ్లలోకి దించింది. ఎవరో ఈల వేశారు. పక్కసీట్లో హాలిస్ ఎడమచెయ్యి ఎత్తి ఆ ఈలకు సలాం చేశాడు. పక్షవాతం వచ్చాక అతను నవ్వడం రోవీనా అదే మొదటిసారి చూసింది.

ఆ నవ్వు పదినిమిషాలే.

బోటులో స్టీరింగు కుడివైపుంటుంది. పక్కసీటు దానికి ఎడమవైపున. అంటే హాలిస్ కూర్చుంటే ఆమెకు దగ్గరగా ఉండేది అతని చచ్చుబడ్డ చెయ్యి. బతికున్న చెయ్యి బోటు అంచుమీద, ఆమెకు అందనంత దూరంలో. తను నడుపుదామా అంటే, వేగం పెంచే పెడల్ కుడికాలి కింద ఉంది. ఎటు చూసినా అతనికి దారి మూసుకుపోయింది.

రేవు దాటి బయటికొచ్చాక రోవీనా ఆ పెడల్‌ను బస్సులో నొక్కినట్టు మెల్లగా, మర్యాదగా నొక్కింది. బోటు ముక్కు లేచింది. లేస్తూ లేస్తూ ఎదురుగా నదిని మింగేసింది, చెట్లను మింగేసింది. ఆమెకు కనబడుతున్నది ఎర్రటి ముక్కు, దానిపైన ఆకాశం, అంతే. ముందు ఏముందో కనబడని బండిని జన్మలో నడపలేదామె. బెదిరి కాలు తీసేసింది. బస్సులో కాలు తీస్తే బస్సు ఆగుతుంది. ఇక్కడ ముక్కు దబ్బున కిందపడింది, వెనక తాము లేపిన అలే తరుముకొచ్చి మోటారు మీదుగా లోపలికి దూకింది. వీపులు తడిసిపోయాయి, కాళ్లకింద నీళ్లు.

"సూది!" అని అరిచాడు హాలిస్. "సూది! సూది!"

"ఏంటి, నొక్కాలా? వదలాలా?"

"సూది!"

"హాలిస్, వేలు చూపించు. పైకా కిందికా?"

అతను వేలు పైకి చూపించాడు. తల అడ్డంగా ఊపాడు. వేలు కిందికి చూపించాడు. మళ్లీ తల అడ్డంగా ఊపి, బోటు అంచును అరచేత్తో చటచటా కొట్టి, ఒక మంచి బూతు, స్పష్టంగా, ముత్యంలాంటి ఉచ్చారణతో అన్నాడు. రోవీనాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండింటిలో దేన్నీ బయటికి రానివ్వలేదు.

రెండోవారం ముక్కు లేచినప్పుడు భయపడకుండా కాలు ఉంచింది. మూడు నాలుగు క్షణాల తర్వాత ముక్కు దానంతటదే వంగింది, నది మళ్లీ కనబడింది, బోటు నీళ్లమీదికెక్కి జారసాగింది. ఇంతేనా అనుకుంది. స్టీరింగు పక్కన ఒక చిన్న మీట ఉంది. మోటారును లోపలికీ బయటికీ వంచుతుంది. దాన్ని ట్రిమ్ అంటారు. అది కాస్త పైకి నొక్కితే వేగం వస్తుందని పుస్తకంలో చదివింది. నొక్కింది. ముప్ఫై ఎనిమిది మైళ్ల వేగం దగ్గర బోటు గుర్రప్పిల్లలా ఎగరడం మొదలెట్టింది. ముక్కు లేచి పడుతుంది, లేచి పడుతుంది, ప్రతి పాటుకూ హాలిస్ తల వెనక సీటుకు తగులుతుంది. మీట ఇంకా పైకి నొక్కాలా, కిందికి నొక్కాలా? పుస్తకం ఇంట్లో ఉంది. పుస్తకంలో లేనిది కూడా తెలిసిన మనిషి పక్కనే ఉన్నాడు. అతని నోట్లో సూది ఉంది.

హాలిస్‌కు మాటలు నేర్పడానికి వారానికి రెండుసార్లు కీలీ అనే అమ్మాయి వచ్చేది. ఆమె ఒక ఉపాయం చెప్పింది. పైకి బాణం, కిందికి బాణం, వేగం, ఆపు అని నాలుగు అట్టముక్కలు బొమ్మలేసి అతని చేతికిమ్మంది. రోవీనా రాత్రి కూర్చుని రంగు పెన్నులతో వేసి, ప్లాస్టిక్ తొడిగించింది. వంటింటి బల్ల దగ్గర హాలిస్ నాలుగూ తప్పులేకుండా చూపించాడు. నదిమీద ముప్ఫై మైళ్ల వేగంలో గాలి వాటిని అతని వేళ్లలోంచి లాక్కుపోయింది. "ఆపు" ఒక్కటే మిగిలింది, అది అతని తొడ కింద ఇరుక్కుని.

ఇక డాయిల్‌ను పిలవక తప్పలేదు.

డాయిల్ పక్కసీట్లో కూర్చోవాలి కాబట్టి హాలిస్ ఒడ్డున ఉండాలి. రేవు చెక్కబల్లల మీద మడతకుర్చీ వేసి, నెత్తిన టోపీ పెట్టి, పక్కన టీ సీసా ఉంచి వెళ్లింది రోవీనా. ఆ పొద్దు ఆమె జన్మలో నేర్చుకోనంత నేర్చుకుంది. బయల్దేరేటప్పుడు మీట పూర్తిగా కిందికి. బోటు ఎగురుతుంటే మీట కొద్దిగా కిందికి. ముక్కు నీళ్లలోకి దిగుతుంటే కొద్దిగా పైకి. ఆగేటప్పుడు ఒక్కసారిగా కాదు, మెట్లు దిగినట్టు. వేగం యాభై దాటాక ఇంకో కొత్త రోగం మొదలైంది. బోటు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు, ఇంకో పక్క నుంచి ఈ పక్కకు ఊగడం. చిన్నగా మొదలై క్షణాల్లో పెద్దదవుతుంది.

"అది ఊగితే నువ్వు ఊగకు," అరిచాడు డాయిల్ గాలిలో. "స్టీరింగు వెంట్రుకవాసి కదుపు. వెంట్రుకవాసే! ఎక్కువ తిప్పావంటే ఇంకా రెచ్చిపోతుంది!"

"వెంట్రుకవాసి అంటే ఎంత?"

"ఎలా చెప్పను? పిర్రలకు తెలుస్తుంది!"

"నా పిర్రలకు బస్సు సీటు తప్ప ఏం తెలీదయ్యా!"

డాయిల్ పడిపడి నవ్వాడు. రోవీనా కూడా నవ్వింది, చాన్నాళ్ల తర్వాత, నోరారా. నీళ్లమీద మాట చాలా దూరం పోతుంది. నవ్వు ఇంకా దూరం పోతుంది. తిరిగి రేవుకొచ్చేసరికి హాలిస్ కుర్చీని ఎలా తిప్పుకున్నాడో, నదికి వీపు పెట్టి పార్కింగులోని బళ్లను చూస్తూ కూర్చున్నాడు. టీ సీసా మూత తీయలేదు.

రెండ్రోజుల తర్వాత డాయిల్ ఫోన్ చేసి "శనివారం మళ్లీ వెళ్దామా?" అని అడుగుతుంటే, హాలిస్ వచ్చి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని సోఫామీద బోర్లించాడు. ఎడమచేత్తో తన రొమ్ము మీద తట్టుకున్నాడు.

"నా," అన్నాడు. "నా... నా... సూది."

ఇది మాత్రం రోవీనాకు అర్థమైంది. బోటని అన్నాడో, పెళ్లామని అన్నాడో, ఆ పక్కసీటని అన్నాడో, ఏదైతేనేం. డాయిల్ మళ్లీ రాలేదు.

మే నెల చివర్లో ఒక బుధవారం, పొద్దున్నే గాలి లేదు, నది అద్దంలా ఉంది. హాలిస్ గోడమీది నది పటంలో ఒకచోట వేలు పెట్టాడు. మింక్ క్రీక్. నదికి అవతలి ఒడ్డున ఉంటుంది ఆ వాగు. ప్రతి వేసవీ అతను పోయే చోటు. అడ్డంగా మైలున్నర, అంతే. రోవీనా పిమెంటో చీజ్ శాండ్‌విచ్‌లు చుట్టింది, క్రాకర్లు, వియన్నా సాసేజీల డబ్బా పెట్టింది. ఇద్దరికీ లైఫ్‌జాకెట్ల బకిళ్లు తనే పెట్టింది. వెళ్లేటప్పుడు నలభై మైళ్ల వేగంలో బోటు కత్తి జారినట్టు పోయింది. హాలిస్ ఆమె చేతివేళ్లనే చూస్తున్నాడు. ఏమీ అనలేదు, అంచుమీద కొట్టలేదు. ఆమెకు ఆ మౌనం బహుమతిలా అనిపించింది.

వాగులో కలువాకుల అంచున బోటు ఆపి గేలం అతని ఎడమచేతికిచ్చింది. మొదటి విసురు అయిదడుగుల దూరంలో పడింది. రెండోది ఆమె టోపీకి తగులుకుంది. మూడో విసురుకు గేలంకర్రే చేతిలోంచి జారి నీళ్లలో మునిగిపోయింది. ముప్ఫై ఏళ్లనాటి కర్ర, దాని పిడికి అతని చేతివేళ్ల గుంటలు పడ్డాయి. హాలిస్ అది మునిగిన చోటునే చూస్తూ కూర్చున్నాడు. నీటిమీద బుడగలు కూడా ఆగిపోయాయి.

"ఇంకోటుంది, ఇస్తానుండు."

శాండ్‌విచ్ విప్పి ఇస్తే ఒళ్లో పెట్టుకున్నాడు గానీ తినలేదు. ఇద్దరూ అక్కడ చాలాసేపే ఉండిపోయారు. అంతసేపు ఉండకూడదని తర్వాత తెలిసింది. వాగుకు మూడువైపులా కొండ ఉంది, గాలి లేచిన సంగతి లోపలికి తెలియదు. వాగు మూతి దాటి బయటికొచ్చేసరికి నది వేరే నది అయిపోయింది. నైరుతి గాలి పదిమైళ్ల పొడుగునా నీళ్లను తోసుకొస్తోంది. మోకాలెత్తు అలలు, తెల్లటి తలలతో, ఒకదాని వెనక ఒకటి. ఇంకే బోటూ కనబడలేదు.

వెనక్కి వాగులోకి పోయి గాలి తగ్గేదాకా ఉందామా అనుకుంది. కానీ హాలిస్ రెండింటికి వేసుకోవాల్సిన మాత్ర ఇంట్లో ఉంది. అతని పెదాల రంగు కూడా ఆమెకు నచ్చలేదు. మెల్లగా పోతే పోవచ్చులే అనుకుంది. వాన పడినా మంచు పడినా మెల్లగా పోవడమే ఆమెకు తెలిసిన విద్య.

ఆ విద్యే అక్కడ పనికిరాలేదు. మెల్లగా పోతుంటే బోటు ముక్కు కిందికుండి, ప్రతి అలనూ చెంచాతో తీసుకున్నట్టు లోపలికి తీసుకుంటోంది. నీళ్లు తోడేసే పంపు ఆగకుండా తిరుగుతోంది. మీట నొక్కింది. కంగారులో పైకి బదులు కిందికి నొక్కింది. తర్వాతి అలలోకి ముక్కు బాకులా దిగిపోయింది. ఆకుపచ్చటి నీళ్లు గోడలా లేచి ఇద్దరి మీదా పడ్డాయి. ఆమె కళ్లద్దాలు పోయాయి. ఊపిరాడి కళ్లు తుడుచుకునేసరికి పక్కసీటు ఖాళీగా ఉంది.

ఆ ఒక్క క్షణం సంగతి రోవీనా తర్వాత ఎవరికీ చెప్పలేదు.

హాలిస్ నీళ్లలో పడలేదు. సీట్లోంచి ముందుకు జారి, బోటు అడుగున, ఆమె కాళ్ల దగ్గర కుడిపక్కకు ఒరిగి పడి ఉన్నాడు. చచ్చుబడ్డ చెయ్యి కిందపడి నలుగుతోంది. గిన్నెడు నీళ్లు అతని చెంప పక్కన అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. లేపాలంటే స్టీరింగు వదలాలి. వదిలితే బోటు అలలకు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగితే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"హాలిస్! నేను లేపలేనిప్పుడు! వింటున్నావా? లేపలేను!"

"సూది," అన్నాడతను కిందనుంచి.

"తెలీదు! నాకు తెలీదు నువ్వేమంటున్నావో! ఎప్పుడూ తెలీదు! దేవుడా, నాకేమీ తెలీదు!"

అప్పుడు ఆమె కుడిచీలమండను ఏదో పట్టుకుంది. కిందికి చూస్తే అతని ఎడమచెయ్యి. చీలమండ వదిలి, ముందుకు జరిపి, పల్చటి గుడ్డబూటుమీద అరచెయ్యి ఆనించాడు. నొక్కాడు. ఆమె పాదం కింద పెడల్ దిగింది, మోటారు గొంతు లావైంది, ముక్కు లేచింది. ఆమె కాలు వెనక్కి తీయబోయింది. అతను తియ్యనివ్వలేదు. అల ఎక్కేటప్పుడు నొక్కి ఉంచాడు. కొన మీదికి రాగానే కొంచెం వదిలాడు. దిగాక మళ్లీ నొక్కాడు. పూర్తిగా వదలడం మాత్రం ఒక్కసారీ చెయ్యలేదు. అతనికి అక్కడినుంచి అలలు కనబడవు. ఆకాశం కూడా సరిగా కనబడదు. చెంప బోటు అడుగుకు ఆనించి ఉంది, అంతే. రోవీనా డాయిల్ చెప్పింది గుర్తుచేసుకుని మీటను రెండుసార్లు చిన్నగా పైకి నొక్కింది. అతను ఆమె బూటును ఒకసారి తట్టాడు. సరేననో, చాలుననో. ఆమె మీటమీంచి చెయ్యి తీసేసింది.

అలా ఎంతసేపు పోయారో ఆమెకు తెలియదు. స్టీరింగు తను పట్టుకుంది, పాదం అతని చేతిలో ఉంది. మధ్యలో అతని పట్టు సడలినప్పుడల్లా "హాలిస్!" అని అరిచేది. చెయ్యి మళ్లీ బిగిసేది. తమ రేవుకు పోవాలంటే అలలకు పక్క చూపించాలి, అది ఆమెవల్ల కాదని ఆమెకు తెలుసు. హైవే వంతెనకు పోసిన కట్ట కనబడితే దానివైపే పోయింది. కట్ట చాటుకు రాగానే నీళ్లు మూత పెట్టినట్టు చదునైపోయాయి. మెట్లు దిగినట్టు వేగం తగ్గించి, మోటారు ఆపి, మోకాళ్లమీద కూలబడింది.

లేపబోయింది. లేవలేదు. చంకల కింద చేతులేసి లాగింది. తడిసిన మనిషి, నూటతొంభై పౌండ్లు, సగం శరీరం సాయం రాదు. మూడుసార్లు లాగి, మూడుసార్లూ అతని మీదే పడింది. చివరికి తన లైఫ్‌జాకెట్ విప్పి అతని తలకింద పెట్టి, పక్కనే నీళ్లలో కూర్చుంది. అటుగా ఎవరైనా వస్తే పిలవాలి. కట్టమీద లారీలు పోతున్నాయి, వాళ్లకు వినబడదు.

ముప్పావుగంటకు క్యాట్‌ఫిష్ పట్టేవాళ్లిద్దరు పాత పడవలో కట్ట వెంబడి వచ్చారు. అందులో గడ్డమున్నవాడు దగ్గరికొచ్చి చూసి టోపీ తీశాడు.

"మిస్ రోవీనా? మీరేనా? నేనండీ, లమార్‌ని. పద్నాలుగో నంబరు బస్సు. కిటికీలోంచి చెప్పు పారేస్తే మైలు దూరం నడిపించి తెప్పించారు."

"లమార్, నాన్నా, ఈయన్ని సీట్లో కూర్చోబెట్టండి ముందు."

ఇద్దరూ బోటులోకి దిగి ఎత్తారు. ఎత్తుతుంటే హాలిస్ వాళ్లిద్దర్నీ, వాళ్ల పడవనీ, వాళ్ల చేతుల్నీ వరసపెట్టి తిట్టాడు. ఒక్క మాటా తడబడలేదు.

"మాట బాగానే వస్తోందే పెద్దాయనకి!" అని నవ్వబోయాడు లమార్. రోవీనా ముఖం చూసి మానేసి, "మా వెనకాలే మెల్లగా రండి మిస్ రోవీనా, ఒడ్డు పక్కనించి తీసుకెళ్తాం," అన్నాడు.

చంకనుంచి తుంటిదాకా హాలిస్‌కు కమిలిపోయింది. ఎముకలేవీ విరగలేదని డాక్టరమ్మ చెప్పి, బోటు ఎక్కించిందెవరో అడిగి, రోవీనా వైపు చూసింది. రోవీనా తల దించుకుంది. ఆ సాయంత్రం బట్టలు మార్చుకుంటుంటే తన పాదం మీద నాలుగు వేళ్ల గుర్తులు నీలంగా కనబడ్డాయి. మంచం అంచున కూర్చుని వాటిని చూసుకుంది. పక్కగదిలో అతను టీవీ ముందున్నాడు. కిందపడి ఉన్నవాడికి అల ఎప్పుడు ఎక్కుతోందో ఎప్పుడు దిగుతోందో ఎలా తెలిసింది? అడగాలనిపించింది. అడిగితే అతను చెప్పబోతాడు. చెప్పలేక ముఖం ఎర్రబడుతుంది. చేతికందింది విసిరేస్తాడు. అందుకని అడగలేదు. ఆ రోజు గురించి వాళ్లిద్దరి మధ్య ఒక్క మాటా జరగలేదు, జరిగే వీలూ లేదు.

జూన్‌లో ఎరల కొట్లో "బోటు అమ్మబడును" అని కాగితం అంటించింది. రెండువారాలు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఈలోగా హాలిస్ రోజూ సాయంత్రం షెడ్డులోకి పోయి, ట్రైలర్ చక్రం పక్కన నిలబడి, గుడ్డతో బోటును అందినంత మేర తుడిచేవాడు. అందినంత మేరే మెరిసేది, పైనంతా దుమ్ము. రోవీనా అది చూసి, మర్నాడు కొట్టుకు పోయి కాగితం చింపేసి వచ్చి, షెడ్డులోకి నిచ్చెన తెచ్చి పైభాగం తను తుడిచింది.

జులై నుంచి మళ్లీ నదికి పోతున్నారు. తెల్లారగానే బయల్దేరడం, తొమ్మిదింటికల్లా తిరిగి రావడం. చెట్ల కొమ్మలు కదిలితే వెళ్లరు. ఇప్పుడు హాలిస్ నడుముకు బెల్టు కడుతుంది. గేలాలు తీసుకెళ్లరు. ఒకసారి తీసుకెళ్లబోతే అతను వాటిని ట్రక్కులోంచి కింద పడేశాడు. ఉత్తగా పోవడం, రావడం. ఆమె వేగాన్ని నలభై ఎనిమిది మైళ్ల దాకా తీసుకెళ్తుంది. అక్కడ పిర్రల కింద ఊగుడు మొదలవబోతున్నట్టు తెలుస్తుంది, కాలు కొంచెం వదులుతుంది. అతను అంచుమీద కొడతాడు, ఇంకా, ఇంకా అని. ఆ బోటుకు డెబ్బై దాటిపోయే సత్తువ ఉందని అతనికి తెలుసు. ఆమెకు అంత వేగం ఇచ్చే ధైర్యం లేదు. అతను కొట్టడం మానడు. రేవుకొచ్చేసరికి ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి కోపం. ఇంటికి పోతూ దారిలో మెత్తటి రొట్టెల్లాంటి బిస్కెట్లు, గ్రేవీ తినడానికి ఆగినప్పుడు కూడా ఆ కోపం అలాగే ఉంటుంది. అతని బిస్కెట్ విరిచి గ్రేవీ పొయ్యాల్సింది మాత్రం ఆమే.

డాయిల్ ఒక ఆదివారం చర్చి మెట్లమీద పట్టుకుని అడిగాడు. "ఎలా ఉంది రోవీనా? అలవాటైందా?"

"బోటా?"

"బోటే."

"దానిమానాన అది పోతుంది, నేను పట్టుకుని కూర్చుంటాను," అంది.

సెప్టెంబరులో ఒకరోజు నది మీద పల్చటి పొగమంచు ఉంది. పొగ విడిపోయాక బయల్దేరి, ముక్కు వంగి నీళ్లమీదికెక్కాక, చాలాసేపు అంచుమీద చప్పుడు వినబడలేదు. రోవీనా పక్కకు చూసింది. హాలిస్ తల లైఫ్‌జాకెట్ కాలర్ మీదికి వాలిపోయి ఉంది. చూస్తే రొమ్ము లేచి పడుతోంది. నిద్రపోతున్నాడు. ఆమె ప్రతి వేలు కదలికనూ ఆరునెలలుగా డేగలా కాపలా కాసిన మనిషి, నలభై మైళ్ల వేగంలో, నోరు కాస్త తెరిచి.

నమ్మి పడుకున్నాడా? ఇక దీంతో పని లేదని వదిలేసి పడుకున్నాడా? ఆమెకు తెలియలేదు. మేలుకున్నాక అడిగినా తెలియదు. వేగం తగ్గిస్తే ముక్కు పడి లేచిపోతాడని, తగ్గించలేదు. తిరగాల్సిన చోటు దాటిపోయింది. మింక్ క్రీక్ మూతీ దాటిపోయింది. ఎన్నడూ రానంత దూరం, ఒడ్డున ఎవరివో తెలియని ఇళ్లు, ఎవరివో తెలియని రేవులు, కొత్త నీళ్లు. ఎదురుగా రైలు వంతెన స్తంభాలు కనబడ్డాక, వాటి మధ్యనుంచి తీసుకెళ్లే ధైర్యం లేక, తప్పనిసరై మెట్లు దిగినట్టు దిగసాగింది.

హాలిస్ కళ్లు తెరిచాడు. వంతెన వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఏదో పొడుగ్గా అన్నాడు, ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "అలాగే," అని, ఆమె బోటును వెనక్కి తిప్పింది.